బోల్డ్ డిస్‌ప్లే సెరిఫ్: మందం పెంచితే అక్షరం బలపడకుండా వాచినట్టు ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: సిరాచుక్క

అందరికీ నమస్కారం. దాదాపు ఏడాదిగా, తీరిక దొరికినప్పుడల్లా, రోమన్ లిపికి ఒక సెరిఫ్ టైప్‌ఫేస్ (గీతల కొసలకు చిన్న పాదాలుండే అక్షరాల రూపం) గీసుకుంటూ వస్తున్నాను. మామూలు బరువులో అది ఒక కొలిక్కి వచ్చింది. పేరాలు పేర్చి చూస్తే కంటికి ఎక్కడా అడ్డు తగలడం లేదు. దానికి తోడుగా, పుస్తకాల ముఖచిత్రాల మీద, పత్రికల పెద్ద శీర్షికలలో వాడుకోదగిన బాగా మందమైన డిస్‌ప్లే రూపం ఒకటి ఉంటే బాగుంటుందనిపించింది. అన్నీ మళ్ళీ మొదటి నుంచి గీయడమెందుకని, ఉన్న అక్షరం అంచును అన్ని వైపులా సమంగా బయటికి జరిపే సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ఎలాగూ ఉంది కనుక, దానితోనే పని కానిచ్చాను.

నా కొలతలు చెబితే మీకు సులువుగా ఉంటుంది. ఎమ్‌కు, అంటే అక్షరం సైజుకు, 1000 యూనిట్ల లెక్కన, మామూలు బరువులో నిలువు గీత 90 యూనిట్లు, సన్నగీత 30 యూనిట్లు, చిన్నబడి అక్షరాల ఎత్తు 500 యూనిట్లు. గీతకు ఒక్కో వైపు 45 యూనిట్లు పెంచాను. పైకీ కిందికీ పొంగిన మేరకు గీతలను లోపలికి జరిపి, ఎత్తు 500 దాటకుండా చూసుకున్నాను. నిలువు గీత అనుకున్నట్టే 180 యూనిట్లకు వచ్చింది.

అయితే ఫలితం మాత్రం చూడబుద్ధి కాకుండా ఉంది. చిన్నబడి 'ఎ', 'ఇ', 'జి' (a, e, g) అక్షరాలు లోపల పూడుకుపోయాయి. 'ఎన్' (n) కమాను కాండం (నిలువు గీత) నుంచి విడివడే చోట నల్లటి మచ్చ ఏర్పడింది. ఒక పదం రాసి దూరంగా నిలబడి చూస్తే కొన్ని చోట్ల సిరా ఒలికినట్టు, కొన్ని చోట్ల వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. మొత్తం మీద అక్షరం బలంగా ఉండవలసింది పోయి వాచినట్టుగా ఉంది.

నా సందేహాలు రెండు. గీయడంలో నేను చేసిన తప్పేమిటి? సరిగ్గా గీసిన తరువాతనైనా ఇటువంటి అక్షరాన్ని ఏ సైజు నుంచి వాడవచ్చు, ఉపశీర్షికలకు కూడా పనికివస్తుందా, నల్లటి నేపథ్యం మీద తెల్లగా వేస్తే ఏమవుతుంది?

సమాధానం: నల్లతెలుపు

సిరాచుక్క గారూ, మీరు కొలతలు ఇవ్వడం మంచిదైంది. మీ తప్పు ఆ అంకెలలోనే కనిపిస్తోంది. నిలువు గీత 90 నుంచి 180కి పెరిగిందని రాశారు కానీ, అదే లెక్కన సన్నగీత 30 నుంచి 120కి పెరిగిందన్న సంగతి రాయలేదు. అంటే మందానికీ సన్నానికీ మధ్య ఉన్న మూడు రెట్ల తేడా ఒకటిన్నర రెట్లకు పడిపోయింది. మీ సెరిఫ్ అక్షరానికి ప్రాణమంతా ఆ తేడాలోనే ఉండేది. అది పోయాక మిగిలినదాన్ని మీరే వాపు అన్నారు. నేను వేరే మాట వెతకనక్కరలేదు.

చిన్నబడి 'ఇ'నే తీసుకుని చూడండి. దానిలో పై నుంచి కిందికి మూడు అడ్డగీతలున్నాయి: నెత్తి మీది వంపు, నడుమ కమ్మీ, అడుగు వంపు. ఒక్కొక్కటి 120 యూనిట్లు అనుకుంటే మూడింటికి 360 యూనిట్లు పోతాయి. ఎత్తు 500కే కట్టేశారు కనుక మిగిలింది 140. దానిని రెండు ఖాళీలు పంచుకోవాలి, అంటే ఒక్కోదానికి 70 యూనిట్లు. పక్కనే 180 యూనిట్ల నల్లటి గీత నిలబడి ఉండగా 70 యూనిట్ల తెలుపు కంటికి ఆనదు. రెండంతస్తుల 'ఎ'కూ ఇదే గతి. రెండు గుండ్రాలున్న 'జి' అయితే మరీ ఘోరం, ఎందుకంటే దానిలో నాలుగైదు అడ్డగీతలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

ఇక్కడ గమనించవలసిందేమిటంటే, అక్షరానికి అడ్డంగా చోటు పెంచుకోవచ్చు, నిలువుగా పెంచుకోలేము. ఎత్తు అన్ని అక్షరాలకూ ఉమ్మడి ఆస్తి. వెడల్పు ఎవరిది వారిదే. అందుకే బరువు పెరిగేకొద్దీ ఆ బరువునంతా నిలువు గీతలకే ఇచ్చి, అడ్డగీతలను దాదాపు ఉన్నచోటే ఉంచి, అక్షరాన్ని పక్కలకు వెడల్పు చేస్తారు. బాగా మందమైన సెరిఫ్‌లలో సన్నగీతలు అంత సన్నగా ఉండడానికి అలంకారం ఒక కారణమైతే, ఈ చోటు లెక్క మరో కారణం. నా అభిప్రాయంలో రెండోదే అసలు కారణం. మీ సన్నగీతను 30కే ఉంచి, లేదా డిస్‌ప్లేకే పరిమితం చేయదలచుకుంటే 24కు తగ్గించి, నిలువు గీతను 180 చేసి, 'ఎన్', 'ఓ' వంటి అక్షరాలను కనిపించేంత వెడల్పు చేసి చూడండి. 'ఇ' తనంతట తానే ఊపిరి పీల్చుకుంటుంది.

తరువాతిది 'ఎన్' మెడ దగ్గరి మచ్చ. కమాను కాండం నుంచి పుట్టే చోట రెండు నలుపులు ఒకదాని మీద ఒకటి పడతాయి. మామూలు బరువులో అది తెలియదు కానీ బోల్డ్‌లో దాచలేము. కమాను మొదలును మిగతా సన్నగీతల కంటే కూడా సన్నం చేసి, కోణంలోకి తెలుపును లోతుగా చొప్పించాలి. మాథ్యూ కార్టర్ టెలిఫోన్ డైరెక్టరీల కోసం గీసిన బెల్ సెంటెన్నియల్ (1978) అక్షరాలను పెద్దవి చేసి చూస్తే మూలలన్నీ కొరికేసినట్టు కనిపిస్తాయి. అక్కడ వాటి పని చవక కాగితం మీద పాకిన సిరాకు చోటివ్వడం. మీకు సిరా భయం లేకపోవచ్చు. కానీ కన్ను కూడా కొంతవరకు సిరాలాగే మూలలను పూడ్చేసుకుంటుంది, కనుక అదే వైద్యాన్ని ఇంకా తక్కువ మోతాదులో చేయండి.

అన్ని గీతలకూ ఒకే మందం ఇవ్వాలన్న నియమం పెట్టుకోవద్దు. పెద్దబడి 'హెచ్' కాండం 190 ఉంటే 'ఓ' పక్క వంపు దాని గరిష్ఠ స్థానంలో 200 దాకా ఉండాలి. వంపు తన పూర్తి మందాన్ని ఒక్క బిందువు దగ్గరే చూపిస్తుంది కనుక, సమానంగా గీస్తే అది బక్కగా కనిపిస్తుంది. దీనికి విరుద్ధంగా చిన్నబడి 'ఎం'కు మూడు కాండాలు కనుక ఒక్కోదానిని కాస్త తగ్గించాలి. 'డబ్ల్యు' వంటి వాలుగీతల గుంపులో నడిమి సెరిఫ్‌ను తీసేసినా ఎవరూ అడగరు, పైగా సంతోషిస్తారు.

చివరిగా సెరిఫ్‌ల సంగతి. మామూలు బరువులోని సెరిఫ్ పొడవునే బోల్డ్‌లోనూ ఉంచితే పక్క పక్క అక్షరాల సెరిఫ్‌లు ఒకదానినొకటి తొక్కుకుంటాయి. కాండం మందమయ్యేకొద్దీ సెరిఫ్ బయటికి పొడుచుకొచ్చే మేర తగ్గాలి. మీరు అక్షరాల మధ్య ఖాళీని ఎంతకు దిద్దుకున్నారో రాయలేదు. పాత ఖాళీనే ఉంచి ఉంటే 'వెలిసిపోయినట్టు' కనిపిస్తున్న చోట్ల రహస్యం అదే. అక్షరం లోపలి తెలుపు తగ్గినప్పుడు అక్షరాల మధ్య తెలుపు కూడా దానితో పాటు తగ్గాలి. 'ఎన్' రెండు కాండాల మధ్య ఎంత తెలుపు ఉందో, రెండు 'ఎన్'ల మధ్య అంతకంటే కొంచెం తక్కువ తెలుపు ఉండేలా మొదలుపెట్టి, 'ఎన్' 'ఓ'లను వరుసలు మార్చి మార్చి పేర్చి చూస్తూ దిద్దుకోండి. ఈ రెండూ కుదిరేదాకా మిగతా అక్షరాల జోలికి వెళ్ళవద్దు.

సమాధానం: పేజీకూర్పు

నేను అక్షరాలు గీసేవాడిని కాను, గీసినవాటిని పేజీలలో పేర్చేవాడిని. కనుక రెండో సందేహానికి మాత్రమే జవాబు చెబుతాను.

సైజు విషయంలో అభిరుచి కంటే ముందు లెక్క ఉంది. నల్లతెలుపు గారు చెప్పినట్టు సన్నగీత 24 యూనిట్లు అనుకుందాం. తెర మీద 96 పిక్సెళ్ళ సైజులో ఆ గీత 2.3 పిక్సెళ్ళు వస్తుంది, హాయిగా కనిపిస్తుంది. 42 పిక్సెళ్ళ దగ్గర సరిగ్గా ఒక పిక్సెల్. 18 పిక్సెళ్ళ దగ్గర 0.43 పిక్సెల్, అంటే సాధారణ తెర దానిని సగం బూడిదరంగు మరకగా చూపించి సరిపెడుతుంది. అప్పుడు పాఠకుడికి మిగిలేది నిలువు కాండాల కంచె మాత్రమే. 'ఎన్', 'యు' మధ్య తేడా చెప్పే సన్నగీతలన్నీ మాయమైపోతాయి. కాబట్టి మీ అక్షరానికి కనీస సైజు 42 పిక్సెళ్ళ చుట్టుపక్కల ఉందని అనుకోండి. ఎక్కువ సాంద్రత ఉన్న తెరలలో ఒక పిక్సెల్ స్థానంలో రెండు మూడు ఉంటాయి కనుక ఇంకొంచెం కిందికి దిగవచ్చు. కానీ పాఠకుడు ఏ తెర మీద చూస్తాడో మనకు తెలియదు.

ఉపశీర్షికలకు వద్దంటాను. సన్నగీత నిలవదన్నది ఒక కారణం. దానికంటే పెద్దది, పేజీలో ఇటువంటి అక్షరం ఒక్కసారి గొంతెత్తితేనే వినబడుతుంది. ప్రతి మూడు పేరాలకొకసారి అదే గొంతుతో పిలిస్తే ప్రధాన శీర్షిక కూడా వాటిలో ఒకటిగా కలిసిపోతుంది. శీర్షికకు ఈ బోల్డ్ వాడి, ఉపశీర్షికలకు మీ మామూలు బరువునే కాస్త పెద్దది చేసి వాడుకోండి. రెండూ ఒక చేతి గీతలే కనుక పొత్తు కుదురుతుంది. శీర్షికలో కూడా నాలుగైదు మాటలు దాటితే నాకు అనుమానం మొదలవుతుంది. రెండు పంక్తులు వస్తే పంక్తుల మధ్య దూరాన్ని అక్షరం సైజుకు సమానంగానో, ఇంకా తక్కువగానో ఉంచవలసి ఉంటుంది, లేకపోతే ఆ నలుపు మధ్య తెల్లటి పట్టీ నదిలా తెరుచుకుంటుంది. అయితే పై పంక్తిలోని 'జి', 'వై' తోకలు కింది పంక్తిలోని 'ఎల్', 'డి' తలలను తాకుతున్నాయేమో ప్రతి శీర్షికకూ కంటితో చూసుకోవాలి. దీనికి ఒక అంకె చెప్పి తప్పించుకోవడం కుదరదు.

నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరం వేస్తే, వెలుగు అంచులు దాటి వ్యాపించినట్టు కంటికి తోస్తుంది కనుక, తెర మీద అదే అక్షరం ఇంకా లావుగా, లోపలి ఖాళీలు ఇంకా ఇరుకుగా కనిపిస్తాయి. అచ్చులో జరిగేది దీనికి తలకిందులు: చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి సన్నగీతలను తినేస్తుంది. నాలుగు రంగులు కలిపి చేసిన నలుపు అయితే, రంగుల పలకలు వెంట్రుకవాసి జరిగినా సన్నగీత రంగు మరకలతో నిండిపోతుంది. ఒకసారి ఒక ముఖచిత్రం మీద రచయిత పేరును ఇలాగే తెల్లగా వేయించి, అచ్చయి వచ్చిన ప్రతిలో 'ఇ'లన్నీ 'సి'లుగా మారడం చూశాను. తప్పు నాదే, నమూనాను తెర మీద పెద్దది చేసి చూశాను తప్ప అసలు సైజులో కాగితం మీద తీసి చూడలేదు.

వెబ్‌పేజీలలో చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పి ముగిస్తాను. ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్, డీఎం సెరిఫ్ డిస్‌ప్లే వంటి ఉచిత ఫాంట్‌లు చూడడానికి ఎంత మందంగా ఉన్నా, వాటి నిటారు రూపం ఒకే ఫైలుగా, 400 అన్న సాధారణ బరువు అంకెతోనే వస్తుంది. శీర్షిక ట్యాగులకు బ్రౌజర్ తనంతట తాను 700 బరువును కోరుతుంది. ఆ బరువున్న ఫైలు దొరకక, ఉన్న అక్షరానికే అంచులు పులిమి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. అంటే మీరు సాఫ్ట్‌వేర్‌లో చేసిన పనినే బ్రౌజర్ కూడా, అడగకుండానే, చేసి పెడుతుంది. శీర్షికకు ఫాంట్-వెయిట్‌ను 400గా స్పష్టంగా రాసి, ఫాంట్-సింథసిస్‌ను 'నన్' అని పెడితే ఈ బెడద ఉండదు. మీ ఫాంట్‌ను విడుదల చేసేటప్పుడు దాని బరువు అంకెను నిజానికి తగ్గట్టు 800 అనో 900 అనో రాయండి, వాడేవాళ్ళకు సగం తలనొప్పి తగ్గుతుంది.

సమాధానం: సీసపుటచ్చు

పై ఇద్దరూ చెప్పిన వాటిలో చాలా భాగంతో ఏకీభవిస్తాను. అయితే ఇద్దరూ తెలియకుండానే ఒక విషయాన్ని ముందే తేల్చేసి మాట్లాడుతున్నారు: బోల్డ్ డిస్‌ప్లే సెరిఫ్ అంటే సన్నగీత వెంట్రుకలా, నిలువు గీత స్తంభంలా ఉండే రకమేనని. అది ఒక వంశం మాత్రమే.

ఆ వంశం కథ క్లుప్తంగా చెబుతాను. 18వ శతాబ్దం చివర పారిస్‌లో డిడో కుటుంబం, పార్మాలో జాంబత్తిస్తా బొదోని (1740–1813) నునుపైన కాగితానికి తగ్గట్టు సన్నగీతలను ఇంకా సన్నం చేస్తూ పోయారు. అయితే వారి అక్షరాలు పుస్తకాల కోసం పుట్టినవి, నాజూకైనవి. 19వ శతాబ్దపు తొలి దశకాలలో లండన్ టైపు పోతగాళ్ళు (సీసం పోసి అచ్చు అక్షరాలు తయారుచేసేవారు) ఆ అక్షరాల సన్నగీతలను అలాగే వదిలేసి, నిలువు గీతలను మాత్రం రెండు మూడింతలు లావు చేశారు. వాటికే ఫ్యాట్ ఫేస్ అన్న పేరు స్థిరపడింది. గోడ ప్రకటనలూ లాటరీ చీటీల ప్రచారమూ పెరుగుతున్న కాలం అది. ఆ పనిలో పేరు పడిన రాబర్ట్ థోర్న్ 1820లో చనిపోయాక ఆయన ఫ్యాన్ స్ట్రీట్ పోతశాలను విలియమ్ థొరోగుడ్ కొన్నాడు. ఆ డబ్బు ఆయనకు లాటరీలోనే తగిలింది. టైపు చరిత్రలో ఇంతకంటే పొందికైన లావాదేవీ నాకు మరొకటి కనబడలేదు.

నల్లతెలుపు గారు లెక్కగట్టి చూపిన సూత్రాన్ని ఆ పోతగాళ్ళు చేతితో కనుక్కున్నారు. కానీ దానికి వారు మూల్యం కూడా చెల్లించారు. సీసంలో అంత సన్నటి గీత అచ్చుయంత్రం ఒత్తిడికి త్వరగా అరిగేది, విరిగేది. పెద్ద సైజులలో సీసం మోయలేనంత బరువు కూడా. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్క అక్షరాలను యంత్రంతో పెద్ద ఎత్తున కోయడం మొదలుపెట్టాక గోడ ప్రకటనల అక్షరాలకు హద్దు లేకుండా పోయింది.

అదే ఫ్యాన్ స్ట్రీట్ పోతశాల నుంచి 1845లో రాబర్ట్ బెస్లీ క్లారెండన్‌ను తెచ్చాడు. రెండో వంశానికి దానిని పెద్దగా చెప్పుకోవచ్చు. దానిలో అడ్డగీతలూ సెరిఫ్‌లూ కూడా మందంగానే ఉంటాయి. సెరిఫ్ కాండంలోకి వంపు తిరిగి కలిసిపోతుంది. మందానికీ సన్నానికీ తేడా తక్కువ. అక్షర రూపం మీద హక్కు నమోదు చేయించుకున్నా చట్టం ఇచ్చిన రక్షణ మూడేళ్ళే కనుక, గడువు ముగియగానే మిగతా పోతశాలలన్నీ అటువంటివే పోసి అమ్మాయి. అంతకంటే మెత్తనిది కూపర్ బ్లాక్: 1922లో ఆస్వాల్డ్ కూపర్ గీసినది, షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ పోతశాల విడుదల చేసినది. దాని సెరిఫ్‌ల చివరలు గుండ్రంగా కరిగినట్టు ఉంటాయి, లోపలి ఖాళీలు చాలా చిన్నవి, అయినా ఏ అక్షరమూ పూడుకుపోయినట్టు అనిపించదు.

ఎందుకు అనిపించదు? నల్లతెలుపు గారి 'ఇ' లెక్క ప్రకారం కూపర్ బ్లాక్ చదవరాకుండా ఉండాలి. దాని గీతల మందం సిరాచుక్క గారి మొదటి ప్రయత్నంలోలా దాదాపు సమంగానే పెరిగింది. తేడా ఏమిటంటే, దానిని గీసినవాడు లావు అక్షరంగానే ఊహించి గీశాడు. చిన్నబడి అక్షరాల ఎత్తును పెంచి, తలలూ తోకలూ పొట్టిచేసి, మిగిలిన చిన్న చిన్న ఖాళీలను ఒక్కొక్కటిగా చెక్కుకుంటూ పోయాడు. ఎత్తు ఉమ్మడి ఆస్తి అన్నమాట నిజమే. అయితే ఆ ఆస్తి ఎంతో నిర్ణయించుకునే హక్కు గీసేవారిదే. డిస్‌ప్లే రూపానికి చిన్నబడి ఎత్తు 500 దగ్గరే ఉండాలని ఎవరు చెప్పారు? 540 చేసి చూడండి.

కాబట్టి సిరాచుక్క గారూ, ముందు ఏ వంశమో తేల్చుకోండి. శీర్షికలు ఎప్పుడూ పెద్ద సైజులోనే పడతాయన్న హామీ ఉంటే మొదటిది ఎంచుకోండి. దాని మెరుపు రెండోదానికి లేదు. అదే అక్షరం పుస్తకం వెన్ను మీద, చిన్న తెర మీద, ముతక కాగితం మీద కూడా బతకాలంటే రెండోదాని దారి పట్టండి. రెండింటికీ మధ్యలో ఆగితే దేనికీ కాకుండా పోతుంది. మీ ప్రస్తుత ఫైలు సరిగ్గా అక్కడే ఉంది.

పేజీకూర్పు గారితో ఒక చిన్న భేదం: ఉపశీర్షికలకు పూర్తిగా పనికిరాదన్న మాట మొదటి వంశానికి వర్తిస్తుంది, రెండోదానికి అంతగా వర్తించదు.

పేజీకూర్పు

ఒప్పుకుంటాను, నేను మొదటి రకాన్నే మనసులో పెట్టుకుని రాశాను. మందమైన సెరిఫ్‌లున్న రకాన్ని 20, 22 పిక్సెళ్ళ ఉపశీర్షికలలో నేను కూడా వాడాను, ఇబ్బంది రాలేదు. పేజీలో ఎన్నిసార్లు గొంతెత్తాలన్న అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

సమాధానం: నల్లతెలుపు

కూపర్ బ్లాక్ విషయంలో సీసపుటచ్చు గారు నన్ను సరిగ్గానే పట్టుకున్నారు. నా లెక్క ఎత్తును మార్చకూడదన్న షరతు మీద కట్టినది. ఎత్తు మార్చుకోవచ్చంటే లెక్క సడలుతుంది.

అయితే రెండు వంశాలలో ఒకదానినే ఎంచుకోవాలన్న ఒత్తిడి ఈ రోజుల్లో కొంత తగ్గింది. సీసం కాలంలో ప్రతి సైజుకూ వేరే అచ్చు చెక్కేవారు కనుక, చిన్న సైజులో సన్నగీతలు కాస్త మందంగా, ఖాళీలు కాస్త విశాలంగా, పెద్ద సైజులో నాజూకుగా ఉండేవి. ఒకే గీతను అన్ని సైజులకూ సాగదీసే అలవాటు ఫోటో అక్షరకూర్పుతోనూ తొలి డిజిటల్ ఫాంట్‌లతోనూ బలపడింది. 2016లో ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫైలు పద్ధతిలోకి వేరియబుల్ ఫాంట్‌లు (ఒకే ఫైలులో రూపం మారుతూ పోయేవి) వచ్చాక, బరువుకు ఒక అక్షం ఉన్నట్టే ఆప్టికల్ సైజుకు (వాడే సైజును బట్టి గీతలు మారడానికి) కూడా ఒక అక్షం పెట్టే వీలు కలిగింది. ఒక కొసన సన్నగీత 24 ఉన్న మూలరూపం, మరో కొసన 60 ఉన్న మూలరూపం గీస్తే, నడిమి సైజులను సాఫ్ట్‌వేర్ లెక్కగట్టుకుంటుంది. అక్షర సైజును బట్టి ఆ రెండింటి మధ్య తగినది బ్రౌజర్ తానే ఎంచుకుంటుంది. పని రెట్టింపవుతుందన్నది నిజమే. రెండు మూలరూపాలలోనూ ప్రతి అక్షరానికీ బిందువుల సంఖ్య, వరుస ఒకేలా ఉండాలి, లేకపోతే మధ్యలో అక్షరం మెలితిరిగిపోతుంది. మొదటి ఫాంట్‌కే ఇంత తలకెత్తుకోమని నేను చెప్పను.

సిరాచుక్క

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడు వారాలు పట్టింది కానీ పాత ఫైలును పక్కన పెట్టి 'ఎన్', 'ఓ' దగ్గర నుంచి మళ్ళీ గీశాను. మొదటి వంశాన్నే ఎంచుకున్నాను. నాకు కావలసింది ముఖచిత్రాల కోసమే కనుక చిన్న సైజుల ఆశ వదులుకున్నాను. సన్నగీత 26, నిలువు గీత 184, చిన్నబడి ఎత్తు 530. 'ఎన్' మామూలు బరువులో ఉన్నదానికంటే 100 యూనిట్లకు పైగా వెడల్పయింది. గీస్తున్నప్పుడు ఇంత వెడల్పా అని భయం వేసింది కానీ, పదంలో పెట్టి చూస్తే వెడల్పు అనిపించడం లేదు, నలుపు మాత్రమే కనిపిస్తోంది.

అక్షరాల మధ్య ఖాళీ సంగతి నల్లతెలుపు గారు ఊహించినట్టే అయింది. పాత ఖాళీలో మూడో వంతు తీసేశాక మచ్చలు సగం పోయాయి. గీతలు ముట్టుకోకుండానే పోయాయి. కెర్నింగ్ (జంట అక్షరాల మధ్య ఖాళీని విడివిడిగా దిద్దడం) మొదలుపెట్టకముందే ఇంత మారుతుందని అనుకోలేదు. కాగితం మీద అసలు సైజులో తీసి గోడకు అంటించాను. నలుపు మీద తెలుపుగా తీసిన ప్రతిలో సన్నగీతలు రెండు చోట్ల తెగాయి కనుక, ఆ వాడుకకు సన్నగీత 34 ఉన్న వేరే రూపం ఒకటి చేస్తున్నాను.

ఒక్క అక్షరం మాత్రం లొంగడం లేదు. 'ఎస్' చిన్నబడిలోనూ పెద్దబడిలోనూ వెనక్కి పడిపోతున్నట్టు, తల బరువెక్కినట్టు కనిపిస్తోంది. పై గుండ్రాన్నీ కింది గుండ్రాన్నీ కొలిచి మరీ సమానంగా గీశాను.

సీసపుటచ్చు

కొలిచి సమానంగా గీయడమే దాని జబ్బు. నడిమి ఎత్తుకు పైనున్నది కంటికి ఎప్పుడూ పెద్దదిగా తోస్తుంది. ఏదైనా మంచి టైప్‌ఫేస్‌లోని 'ఎస్'ను తలకిందులు చేసి చూడండి. మామూలుగా చూసినప్పుడు పట్టుబడని తేడా, తల ఎంత చిన్నదో అడుగు ఎంత పెద్దదో, అప్పుడు వెక్కిరిస్తున్నట్టు బయటపడుతుంది. '8' అంకెకూ 'బి'కీ కూడా ఇదే పరీక్ష.

నల్లతెలుపు

దానికి తోడు, నడుమ వాలుగా దిగే వెన్నును చూసుకోండి. ఈ రకం అక్షరంలో 'ఎస్' నలుపంతా ఆ ఒక్క గీతలోనే ఉంటుంది. అది మరీ నిటారుగా దిగితే అక్షరం వెనక్కి వాలుతుంది, మరీ అడ్డంగా పడుకుంటే పై కింది ఖాళీలు చీలికల్లా మిగులుతాయి. ముందు పై గుండ్రాన్ని వెడల్పులో 15, 20 యూనిట్లు తగ్గించి, వెన్నును ఆ తరువాత దిద్దండి. వరుస తిరగేస్తే రెండుసార్లు దిద్దవలసి వస్తుంది.

సిరాచుక్క

పై గుండ్రం 18 యూనిట్లు తగ్గించాను. నిలబడింది. వెన్ను జోలికి ఇంకా వెళ్ళలేదు.